బియ్యం కడిగిన నీళ్లకు గుండుమల్లె

ఎవరింట్లో రోజులు ఎలా గడుస్తున్నాయో వాళ్లు అడిగే మొక్కను బట్టి నాకు తెలిసిపోయేది. ఇదేమీ గొప్ప విద్య కాదు. ఇరవై రెండేళ్లు ఒకే గేటు దగ్గర నిలబడితే మీకూ వస్తుంది. మొక్కలమ్మే చోట కొత్తగా పనికి చేరిన ఆడపిల్లలు ఇద్దరు మా వీధిలో ఉన్నారు. "ఈ ఊర్లో ఏం మొక్కలు పోతాయి పెద్దమ్మా?" అని అడుగుతుంటారు. దానికి నా దగ్గర ఒక్క మాటలో జవాబు లేదు. ఒక బకెట్టు సంగతి ఉంది. అది చెబుతాను. అందులో నేను చేసిన తప్పు కూడా ఉంది, దాచను.

మా నర్సరీ అనంతపురం ఊరి బయట, బెంగుళూరు పోయే రోడ్డు పక్కన ఉండేది. ఎకరా కంటే తక్కువ స్థలం, పైన పచ్చ వల, మూలన ఒక రేకుల షెడ్డు, గేటు బయట కూర్చోవడానికి వేసిన నాపరాయి బండ. ఆ బండ పక్కనే ఒక చిన్న కానుగ చెట్టు. ఆ బండను గుర్తుపెట్టుకోండి.

నేను బడికి పోలేదు. మా నాయన ఇంట్లోనే పలక మీద అక్షరాలు దిద్దించాడు. భజన పుస్తకం కూడబలుక్కుని చదివేంత వచ్చాక, "చాలు మా. దేవుని పేరు చదువుకుంటావు, అంగడి బోర్డు చదువుకుంటావు. ఇంకేం గావల్ల?" అన్నాడు. ఆయన నేర్పిన ఆ అక్షరాలే నాకు అన్నం పెట్టాయి. నర్సరీలో మొదట నీళ్లు పోసే పనికి చేరాను. నాకు రాయడం వచ్చని తెలిశాక, ప్రతి మొక్కకూ పేరు, ధర రాసి చీటీ కట్టే పని నాకిచ్చారు. అట్ట ముక్క మీద రాసి, తడవకుండా పైన ప్లాస్టిక్ కాగితం చుట్టి, దారంతో కొమ్మకు కట్టాలి. ఎన్ని వేల చీటీలు రాశానో నరసింహస్వామికే తెలియాలి. రోజూ మొదటి చీటీ రాసే ముందు నాయనకొక దండం, స్వామికొక దండం పెట్టుకునేదాన్ని.

నర్సరీ ఓనరు నాకంటే పదేళ్లు చిన్న. అయినా అందరితో పాటు నేనూ అన్నా అనే పిలిచేదాన్ని. ఇంకొకాయన ముసలాయన, అంటు కట్టడంలో ఆ చుట్టుపక్కల ఆయనను మించినవాళ్లు లేరు. ముదిగుబ్బ వైపు గొర్రెలు కాచిన మనిషి. ఒక కరువు ఏడు మేత దొరక్క మందనంతా అమ్ముకుని మొక్కల పనికి వచ్చాడు. నేను మామా అనేదాన్ని. మాట గొడ్డలి మాదిరిగా ఉండేది కానీ, ఆ చేయి తాకిన కొమ్మ వాడిపోవడం నేను చూడలేదు.

బాగున్న రోజుల్లో మా దగ్గర పోయేవన్నీ చూసుకోవడానికి పనికొచ్చే మొక్కలే. కొత్తగా ఇల్లు కట్టినవాళ్లు గోదావరి వైపు నుంచి లారీలో వచ్చే పచ్చగడ్డిని జంపఖానా కొన్నట్టు చుట్టలు చుట్టలుగా కొనేవాళ్లు. గేటుకు రెండువైపులా పామ్ చెట్లు, మెట్ల మీద క్రోటన్లు. తాగే నీళ్లకు ట్యాంకరు కోసం ఎదురుచూసే ఊర్లో పచ్చగడ్డికి నీళ్లు పట్టేవాళ్లు. మామ నవ్వేవాడు. "మా గొర్రెలకు ఈ గడ్డి పావొంతు దొరికినా నేను ఈడికి వచ్చేవాణ్ణే కాదు" అనేవాడు.

తర్వాత కరోనా వచ్చింది. మొదట రోడ్డు మూగబోయింది. తర్వాత జనం మెల్లగా రావడం మొదలుపెట్టినా, వాళ్ల కళ్లు వేరేగా ఉన్నాయి. లోపలికి వచ్చి గులాబీల వైపు ఒకసారి చూసి, "తినేటివి ఏమేముండాయి?" అని అడిగేవాళ్లు. టమేటా నారు, వంగ నారు, మిరప నారు, పుదీనా, కరివేపాకు. కుండీలు కొనేవాళ్లే లేరు. నూనె డబ్బాల్లో, చిరిగిన సిమెంటు సంచుల్లో, పగిలిన బకెట్లలో పెట్టుకుంటామని చెప్పేవాళ్లు. క్రోటన్లు వరుసల్లో అట్లే నిలబడి ఉండేవి.

అంతకు రెండేళ్ల ముందు కొత్త ఇంటికి ఆరు పామ్ చెట్లు తీసుకుపోయిన ఒకాయన ఒక రోజు స్కూటరు మీద వచ్చాడు. అంతకు ముందు కారులో వచ్చేవాడు.

"అక్కా, మీ దగ్గర తీసుకున్న చెట్లు వెనక్కి తీసుకుంటారా?"

"ఏమన్నా, ఎండిపోయినాయా?"

"ఎండేది యాడ? బ్రహ్మాండంగా ఉండాయి. దినామూ రెండు బిందెలు తాగుతాండాయి. ఒక్క కాయ కాసేది లేదు."

మామ అంటు కడుతూ తలెత్తకుండానే, "కోపం చేసుకోవాకన్నా. కొనేటప్పుడు నువ్వు కాయలడగలేదు గదా" అన్నాడు.

ఆయన కూడా నవ్వాడు. పోతూ పోతూ రెండు కట్టల మిరప నారు తీసుకుపోయాడు.

ఇక టీచరమ్మ సంగతికి వస్తాను. ఆమె ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేది. ఇల్లు మా నర్సరీ వెనక వీధుల్లో ఎక్కడో. ప్రతి శుక్రవారం బడి వదిలాక వచ్చి, పూలు పూసే మొక్క ఒకటి కొనుక్కుపోయేది. ఒక్కటే. బేరమాడదు. మొక్కను ఎంచుకున్నాక చీటీని అరచేతిలో పెట్టుకుని చదివేది. "అక్కా, మీ రాత ఎంత గుండ్రంగా ఉంటుందో. మా పిల్లలకు చూపిస్తాను, ఒకటి ఇవ్వరా?" అని ఒకసారి ఖాళీ చీటీ మీద నాతో 'నందివర్ధనం' అని రాయించుకుని తీసుకుపోయింది. బడి గడప తొక్కని నా రాతను బడి పిల్లలకు చూపించిన మనిషి ఆమె. ఆ రోజు ఇంటికి పోయి దీపం పెట్టి చాలాసేపు కూర్చున్నాను.

కరోనా వచ్చాక ఆమె కనిపించలేదు. ప్రైవేటు బళ్లలో జీతాలు ఆపేశారని, టీచర్లు ఏ పని దొరికితే ఆ పనికి పోతున్నారని అందరూ చెప్పుకునేవాళ్లు. ఒక శుక్రవారం పొద్దున ఆమె వచ్చింది. మనిషి చిక్కిపోయింది. గేటు లోపలికి ఒక్క అడుగు వేసి, "అక్కా, పారేసే కవర్లు, పాత డబ్బాలు ఉంటే ఇస్తారా? ఇంట్లో నాలుగు మెంతులు చల్లుకుందామని" అంది. అడుగుతూనే పక్కనున్న గుండుమల్లె వైపు చూసింది. మొగ్గల మీదున్న మొక్క. చూపు వెంటనే తిప్పుకుంది.

 సంచి తీసుకుని పుదీనా, వంగ నారు, టమేటా నారు, పైన ఆ గుండుమల్లె పెట్టి ఆమె చేతికిచ్చాను. ఆగానా? లేదు. "దుడ్లేమీ వద్దు టీచరమ్మా. జీతాల్లేవంట గదా, ఉత్తగా తీసుకోండి" అని కూడా అన్నాను. పక్కన ఇంకో ముగ్గురు కొనేవాళ్లు ఉన్నారు. వాళ్లు తల తిప్పి ఆమెను చూశారు.

టీచరమ్మ "మంచిదక్కా" అని సంచి పట్టుకుని వెళ్లిపోయింది. నేను మంచి పని చేశానని స్వామికి దండం కూడా పెట్టుకున్నాను.

మరుసటి రోజు గేటు తీసేసరికి ఆ సంచి నాపరాయి మీద ఉంది. ఇచ్చినవన్నీ ఉన్నాయి. నారు వాడిపోకుండా పసుపు అంచున్న ఒక పాత చీర ముక్కను తడిపి వేళ్లకు చుట్టింది. గుండుమల్లెకు నీళ్లు పోసి మరీ తెచ్చిపెట్టింది. తనకు అక్కర్లేదనుకున్న మొక్కను కూడా ఎండనివ్వలేదు.

మామ ఆ సంచిని చూసి, నన్ను చూసి, జరిగిందంతా చెప్పించుకున్నాడు. "నువ్వు ఆయమ్మకి మొక్కియ్యలే. నలుగురి ముందర బిచ్చమేసినావు" అన్నాడు.

"అయ్యో మామా, నేను అట్లనుకోలేదు."

"నువ్వనుకున్నది ఎవురిక్కావల్ల మే? మా వైపు పక్కింట్లోనుంచి నారు దెచ్చుకున్నా ఉత్తగా దెచ్చుకోరు. గుప్పెడు గింజలన్నా ఇచ్చి తెచ్చుకుంటారు. లేదంటే ఆ నారు పట్టదంటారు. పట్టేది పట్టనిది నారు కాదులే, మనిషి."

చీర ముక్కను ఉతికి, ఆరబెట్టి, బండ మీదే ఒక రాయి కింద పెట్టాను. రెండు రోజులకు అది కనిపించలేదు. ఆమె తీసుకుపోయిందో, గాలి తీసుకుపోయిందో అనుకున్నాను.

ఆ ఎండాకాలంలోనే మా బోరు తగ్గిపోయింది. పొద్దున గంటసేపు ఎర్రటి నీళ్లు కక్కి ఆగిపోయేది. ఓనరు అన్న తల పట్టుకున్నాడు. "అమ్మకాలు లేవు, ట్యాంకరు తెప్పించేకి లేదు. మూసేద్దాం" అన్నాడు. ఆ పూటే మామ ఒక మాట చెప్పాడు. డబ్బులు లేనివాళ్లు బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు తెచ్చి పోయాలి. బకెట్టు నీళ్లకు ఒక కట్ట నారు. అవి ఎట్లాగూ మోరీలో పారబోసే నీళ్లే, మొక్కలకు మాత్రం బలం.

అన్న నవ్వాడు. "ఏమప్పా, కడుగునీళ్లకు మొక్కలమ్మే నర్సరీ మనదొక్కటేనేమో."

"నవ్వుకోన్నా. నీ ట్యాంకరు నడుచుకుంటా వస్తాది."

పెద్ద అట్ట మీద నేనే బోర్డు రాశాను. 'బియ్యం కడిగిన నీళ్లు ఒక బకెట్టు. నారు ఒక కట్ట.' రోడ్డు మీద పోయేవాళ్లకు కనబడేంత పెద్ద అక్షరాలు. నిజం చెబుతున్నాను, ఊరి కోసం రాయలేదు. ఆ రోడ్డు మీద ఒక్క మనిషి చదివితే చాలని రాశాను.

జనం వచ్చారు. మొదట సిగ్గుపడుతూ ఒకరిద్దరు, తర్వాత వరుస కట్టి. క్యాన్లు, బిందెలు, కొళాయి దగ్గర వాడే డ్రమ్ములు. పొద్దున ఆరు గంటలకే గేటు దగ్గర మాటలు, నవ్వులు, ఒకరి వంకాయ ఎంత కాసిందో ఇంకొకరికి చెప్పుకోవడం. మామ ప్రతి బకెట్టులో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని చూసేవాడు, సబ్బు నీళ్లు పోస్తే నారు చస్తుందని. ఒకాయన గిన్నెలు కడిగిన నీళ్లు తెచ్చాడు. మామ రుచి చూసి, "ఇవి తీసుకుపో నాయనా. ఇంట్లో ఆయమ్మకి మాత్రం చెప్పు, నిన్నటి పులుసు బాగుండాదని" అన్నాడు. అందరితో పాటు ఆయనా నవ్వాడు.

మూసేద్దామన్న నర్సరీ అలా నిలబడింది. ఆ వేసవి అంతా నేను వరుసలో ప్రతి ముఖాన్నీ చూశాను. టీచరమ్మ లేదు.

ఒక శుక్రవారం గేటు తీయడానికి వచ్చేసరికి నాపరాయి మీద ఒక తెల్ల పెయింటు బకెట్టు ఉంది. నిండా బియ్యం కడిగిన నీళ్లు. తాజావి కావు, వారమంతా దాచిన పులుపు వాసన. బకెట్టు మూతికి గుడ్డ కట్టి ఉంది. పసుపు అంచున్న చీర ముక్క.

 నీళ్లు తొట్టిలో పోసి, బకెట్టులో వంగ నారు కట్ట పెట్టాను. పుదీనా పెట్టాను. గుండుమల్లెను కూడా తెచ్చాను. దాన్ని నేను వేరుగా పెట్టి కాపాడుతున్నాను. మామ వచ్చి బకెట్టులోకి చూశాడు.

"ఎన్ని బకెట్లు దెచ్చింది?"

"ఒకటి."

"బోర్డు మీద ఏమి రాసినావు?"

పుదీనా తీసేశాను. గుండుమల్లె తీసేశాను. ఒక్క కట్ట మిగిలింది.

"ఇంగొక మాట. పొద్దున్నే వచ్చి దాక్కోని చూడాకు. నువ్వు చూసినావని తెలిసిందంటే మళ్లా రాదు."

బకెట్టును బండ మీద పెట్టాం. మధ్యాహ్నానికి లేదు. వచ్చే శుక్రవారం మళ్లీ వచ్చింది. ఆ పైవారం మళ్లీ. నీళ్లు తీసుకుని, నారు కట్ట పెట్టి, బండ మీద పెట్టడం. ఏ కాలానికి ఏ నారు మంచిదో చూసి అదే పెట్టేదాన్ని. అంతవరకే నాకు స్వేచ్ఛ. కట్టకు చీటీ మాత్రం ప్రతిసారీ కట్టేదాన్ని, ఎంత గుండ్రంగా రాయగలనో అంత గుండ్రంగా. ఏడాదిన్నర పైగా ఇలా సాగింది. ఒక్కసారి కూడా ఆమె ముఖం చూడలేదు. నాకు శుక్రవారం అంటే ఇంట్లో దీపం, నర్సరీలో బకెట్టు.

తర్వాత చేతుల్లో డబ్బు ఆడడం మొదలైంది. బళ్లు తెరిచారు. వరుస తగ్గింది, క్యాన్లు తగ్గాయి, శుక్రవారం బకెట్టు మాత్రం ఆగలేదు. జనం మళ్లీ చూసుకునే మొక్కలు అడిగారు, ఈసారి నీళ్లు కూడా అక్కర్లేనివి కావాలన్నారు. ప్లాస్టిక్ గడ్డి, ప్లాస్టిక్ తీగలు. "దుమ్ము తుడిస్తే చాలు కదక్కా" అనేవాళ్లు. నేను వాళ్లను తప్పుపట్టను. చేదు రోజులను గుర్తుచేసే నూనె డబ్బాలు ఎవరికి కావాలి? అయినా ఆరు గంటల గేటు దగ్గర ఆ మాటలు, ఆ నవ్వులు లేకపోయేసరికి, కరువు రోజులను తలుచుకుని బెంగపడే పిచ్చిదాన్ని ఊర్లో నేనొక్కదాన్నేనేమో అనిపించేది.

ఊరు పెరిగి రోడ్డు పక్క స్థలాలకు ధర వచ్చింది. అన్న స్థలం అమ్మేశాడు. ఆయనది తప్పు కాదు. ఆ చెడ్డ రోజుల్లో కూడా మా ఇద్దరి జీతం ఆపని మనిషి. మామకు చూపు తగ్గింది. ముందే ముదిగుబ్బ పోయి కూతురి దగ్గర ఉన్నాడు. పోయే రోజు తన అంటు కత్తిని నా చేతిలో పెట్టలేదు. బల్ల మీద పెట్టి, "ఒక రూపాయి ఇచ్చి తీసుకోమ్మే" అన్నాడు. ఇచ్చి తీసుకున్నాను. ఆరు నెలలకు ఆయన పోయాడని కబురొచ్చింది.

మొక్కలన్నీ లారీకెక్కాయి. చివరి పనిదినం శుక్రవారమే వచ్చింది. బోర్డు కూడా విప్పేశారు. నేను గేటు దగ్గరికి పోయేసరికి బండ మీద తెల్ల బకెట్టు ఉంది, నిండా.

నర్సరీలో ఒక్క నారు మొక్క లేదు. షెడ్డు గోడ నీడలో నేను ఇంటికి తీసుకుపోదామని ఉంచుకున్న గుండుమల్లె ఒకటే ఉంది. ఆ సంచిలో వెనక్కి వచ్చిన మొక్కే. చిన్న మట్టి కుండీలోకి మార్చాను, రెండు వేసవులు పూసింది. తొలి పూలు స్వామి పటానికి పెట్టినప్పుడల్లా టీచరమ్మ పేరే చెప్పుకున్నాను.

ఖాళీ బకెట్టు పంపలేను. గుండుమల్లె ఊరికే పెట్టలేను. మామ ఉంటే ఏమనేవాడో నాకు వినబడుతూనే ఉంది. అట్ట ముక్క తీసుకుని, నాయనకొక దండం, స్వామికొక దండం పెట్టి, నా ఉద్యోగంలో ఆఖరి చీటీ రాశాను. 'గుండుమల్లె. ఐదు బకెట్లు.'

ఒక బకెట్టు ముట్టింది. మిగతా నాలుగు పోయడానికి రేపటి నుంచి నర్సరీ ఉండదని నాకు తెలుసు, విప్పేసిన బోర్డు చూసి ఆమెకూ తెలిసి ఉంటుంది. అయినా ధర రాస్తే అది బిచ్చం కాదు కదా. అంతే అనుకున్నాను. మధ్యాహ్నానికి బకెట్టు లేదు, మొక్క లేదు.

ఆ వారమంతా నాకు భయం. మళ్లీ అదే తప్పు చేశానేమో, కుండీ మళ్లీ బండ మీదికి వస్తుందేమో. శుక్రవారం పొద్దున బస్సెక్కి పోయాను. గేటుకు తాళం. బండ మీద కుండీ లేదు. తెల్ల బకెట్టు ఉంది, గుడ్డ కట్టి, నిండా నీళ్లతో.

తీసుకునేవాళ్లు లేని చోటికి ఆమె నీళ్లు మోసుకొచ్చింది. బయట ఉన్న కానుగ చెట్టుకు పోసి, బకెట్టును శుభ్రంగా తుడిచి, గుడ్డ మడిచి అందులో పెట్టి వచ్చాను. తర్వాతి శుక్రవారం పోయాను, ఉంది. ఆ తర్వాతా ఉంది. నాలుగోసారీ ఉంది. ఏ రోజూ ముందుగా పోలేదు. గేటు తీసే వేళకే పోయాను.

ఐదో శుక్రవారం కూడా పోయాను, లెక్క తెలిసీ. బండ మీద ఏమీ లేదు, తడి కూడా లేదు. మొక్క ఇప్పుడు పూర్తిగా ఆమెది. సంతోషించి స్వామికి దండం పెట్టాను. బస్సు వచ్చేదాకా ఆ బండ మీదే కూర్చున్నాను. ఐదు అని కాకుండా పది అని రాసి ఉండాల్సింది అనిపించింది.